టాహో ఒడ్డున కాసినో హోటల్‌లో పిల్లాపెద్దలతో బస: నా అనుభవం

హైదరాబాద్ నుంచి బే ఏరియాలో (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల ప్రోగ్రామ్‌లో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దులో ఉన్న టాహో సరస్సు దాదాపు ఖాయం. గది ఎక్కడ తీసుకోవాలన్న దగ్గరే ఇంట్లో వాదన మొదలవుతుంది. సరస్సు దక్షిణపు కొసన, నెవాడా వైపు స్టేట్‌లైన్ అనే చిన్న ఊరుంది. అక్కడి కాసినో హోటళ్ల రేట్లు వారం మధ్యలో మామూలు మోటెల్ కంటే తక్కువగా కనబడతాయి. "చంటిపిల్లల్ని తీసుకుని జూదాల కొంపలో దిగుతామా" అని తాతయ్య అంటారు. "ఈ రేటుకి పదో అంతస్తులో కొండలు కనబడే గది ఇంకెక్కడ వస్తుంది మామయ్యా" అని అల్లుడంటాడు. ఇద్దరి మాటా నిజమే. మేం అత్తామామలతో, పిల్లలతో అక్కడే దిగాం. ఆడటానికి కాదు, ఉండటానికి వెళ్లేవాళ్లకి ఏది పనికొస్తుందో, ఎక్కడ డబ్బు జారిపోతుందో రాస్తున్నాను.

ముందు ఆ గది ఎందుకు చవకో అర్థం చేసుకోవాలి. వాళ్లకి లాభం గది మీద కాదు, కింద ఆడేవాళ్ల మీద. ఆడని కుటుంబం వాళ్ల లెక్కల్లో దండగ. అందుకే భవనమంతా మిమ్మల్ని కిందికి దించేలా కట్టి ఉంటుంది. చాలా గదుల్లో కాఫీ మెషిన్ ఉండదు, మైక్రోవేవ్ ఉండదు, ఫ్రిజ్ అడిగితే గానీ రాదు, దానికీ ఒక్కోచోట రోజుకింత అని వేస్తారు. లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే ఎదురుగా స్లాట్ మెషిన్లే. ఇది తెలిసి వెళ్తే ఆ చవక గది మీకు లాభం, తెలియకపోతే మిగిలిందంతా టిఫిన్లకీ కాఫీలకీ కిందే ఇచ్చేస్తారు.

గది ఆదివారం నుంచి గురువారం లోపు రాత్రులకే చూడండి. అదే గది శుక్ర, శనివారాల్లో రెండు మూడింతలు ఉంటుంది. కచేరీ ఉన్న రోజైతే ఇంకా ఎక్కువ. రిసార్ట్ ఫీ అని రాత్రికి 35 నుంచి 50 డాలర్ల దాకా విడిగా ఉంటుంది. ఇదివరకు దాన్ని చివరి పేజీలో చూపించేవాళ్లు. 2025 మే నుంచి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూలు ప్రకారం తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన రేటే ముందు చూపించాలి. పార్కింగ్ మాత్రం ఆ లెక్కలోకి రాదు, "కావాలంటే కట్టుకునేది" కదా. రెండు కార్లలో వెళ్తే రెండింటికీ కట్టాలి. పార్కింగ్ ఎంతో హోటల్‌కి ఫోన్ చేసి అడిగాకే పక్క హోటల్ రేటుతో పోల్చండి.

అదే ఫోన్‌లో ఇంకో సంగతి తేల్చుకోండి. పక్కపక్క గదులు వేరు, మధ్యలో తలుపున్న గదులు వేరు. ఆన్‌లైన్‌లో రిక్వెస్ట్ పెట్టినంత మాత్రాన రెండోది వస్తుందన్న హామీ లేదు. ఇంతకంటే తేలికైన దారి హారాస్ హోటల్. దాని టవర్‌ని 1973లో తెరిచారు, గదికి రెండు బాత్రూములు దాని ప్రత్యేకత. రాత్రి మూడింటికే మెలకువ వచ్చే తాతయ్య, ఎనిమిదైనా లేవని పిల్లలు ఒకే గదిలో ఉన్నప్పుడు ఆ రెండో బాత్రూము విలువ తెలుస్తుంది. వేసవిలో హైదరాబాద్ టైము అక్కడికంటే పన్నెండున్నర గంటలు ముందుంటుంది. వచ్చిన వారంలోనే టాహో పెట్టుకుంటే పెద్దవాళ్ల నిద్ర ఎటూ కుదరదు.

నాన్ స్మోకింగ్ గది అని రాతపూర్వకంగా ఉండాలి. నెవాడాలో 2006 నాటి చట్టం చాలా చోట్ల పొగ తాగడాన్ని ఆపింది కానీ కాసినో ఆటల అంతస్తుకి మినహాయింపు ఇచ్చింది. కింద పొగ ఉంటుంది, ఖాయం. అందుకని పై అంతస్తులో, లిఫ్ట్‌కి దూరంగా గది అడగండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఈ హోటళ్లు వద్దు. అక్కడికి నడిచి వెళ్లే దూరంలో, హెవెన్లీ విలేజ్‌లో, వంటగదితో ఉన్న కాండోలు (అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్లు) దొరుకుతాయి. రేటు ఎక్కువే, కానీ ఆ మనిషి ఊపిరి ముఖ్యం.

"లేక్‌సైడ్" అన్న మాట నమ్మి బాల్కనీలో కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టొచ్చనుకోకండి. స్టేట్‌లైన్ టవర్లు హైవే 50 పక్కన ఉన్నాయి, నీళ్ల దాకా పది పదిహేను నిమిషాల నడక. సొంత బీచ్ కావాలంటే ఉత్తరాన ఇంక్లైన్ విలేజ్‌లో హయాట్ ఉంది, దానికి తగ్గ రేటూ ఉంది.

గది ఎవరి పేరున తీసుకుంటారో వాళ్లకి 21 నిండి ఉండాలి. ఇండియా నుంచి వచ్చినవాళ్ల పేరున అయితే అసలు పాస్‌పోర్టు చూపించాలి. ఫోన్‌లో ఫొటో చెల్లదు. చెక్ ఇన్ సాధారణంగా సాయంత్రం నాలుగుకి. అక్కడ కార్డు మీద డిపాజిట్ పట్టి ఉంచుతారు. ఇక్కడే మనవాళ్లు ఇరుక్కుంటారు. హైదరాబాద్‌లో లోడ్ చేయించుకొచ్చిన ఫారెక్స్ కార్డు ఇస్తే ఆ డబ్బు ఖర్చు కాకపోయినా కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైన, వాడుకోవడానికి ఉండదు. క్రెడిట్ కార్డు మీదైతే లిమిట్ తగ్గుతుంది అంతే. ఫారెక్స్ కార్డుని తిండికీ పెట్రోలుకీ ఉంచుకోండి. అది కూడా పెట్రోలు బంకులో పంపు దగ్గర గీకకుండా లోపలికెళ్లి ఇంత అని చెప్పి కొట్టించుకోండి, పంపు దగ్గరా ఇలాంటి పట్టుడే ఉంటుంది.

బే ఏరియా నుంచి దారి సుమారు 200 మైళ్లు. శాక్రమెంటో దాకా 80వ నంబరు హైవే, అక్కడి నుంచి 50. ట్రాఫిక్ లేకపోతే నాలుగు గంటల్లోపే. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరితే ఆరేడు గంటలైనా ఆశ్చర్యం లేదు. ప్లేసర్‌విల్‌లో ఆ హైవే మీదే ట్రాఫిక్ సిగ్నళ్లున్నాయి, అక్కడ క్యూ మొదలవుతుంది. ఫోల్సమ్‌లో ఆగండి. మనవాళ్లు బాగా ఉన్న ఊరు, పెరుగు, కరివేపాకు, రెడీ చపాతీలు అక్కడే కొనుక్కోవాలి. కొండెక్కాక వాటి కోసం వెతకడం అనవసరం. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వెళ్తే మంచులో జారకుండా టైర్లకి చెయిన్లు కట్టమనే బోర్డులు చూసుకోవాలి. ఆర్ 1 అంటే మంచు టైర్లు లేని కారుకి చెయిన్లు కట్టాలి. ఆర్ 2 అంటే నాలుగు చక్రాలూ తిరిగే బండి అయ్యుండి, నాలుగింటికీ మంచు టైర్లుంటే తప్ప అందరూ కట్టాలి. ఆర్ 3 అంటే అందరూ కట్టాల్సిందే, అది రాకముందే సాధారణంగా రోడ్డే మూసేస్తారు. రెంటల్ కంపెనీల్లో చాలావాటి ఒప్పందంలో చెయిన్లు కట్టకూడదని ఉంటుంది. అంటే మంచు టైర్లు లేని రెంటల్ కారుతో మంచు రోజుల్లో వెళ్లడమంటే ఒప్పందమో రూలో ఏదో ఒకటి తప్పడమే. పెద్దవాళ్లతో జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా వెళ్లడమే మంచిది.

దారిలో ఎకో సమ్మిట్ కనుమ 7,382 అడుగులు, సరస్సు మట్టం సుమారు 6,225 అడుగులు. గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో ఐదింట నాలుగు వంతులే. దీని మొదటి దెబ్బ ఆవకాయ సీసా మీద పడుతుంది. కింద గట్టిగా బిగించిన మూత లోపలి గాలి పైకెళ్లేకొద్దీ ఉబ్బి నూనెని బయటికి తోస్తుంది. మిక్చర్ ప్యాకెట్లు దిండ్లలా ఉబ్బితే భయపడక్కర్లేదు గానీ, పచ్చడి సీసాని రెండు జిప్ కవర్లలో పెట్టి నిలబెట్టండి, చేరాక మూత సింక్ మీద పట్టుకుని తియ్యండి. ఒక హోటల్‌లో తెల్ల టవల్ మీద నూనె మరక పడితే ఆ టవల్ ఖరీదు బిల్లులో వేశారు. రెండో దెబ్బ మనుషుల మీద. మొదటి రోజు తలనొప్పి, పలచటి నిద్ర మామూలే. గాలి పొడిగా ఉంటుంది, దాహం వెయ్యకపోయినా నీళ్లు తాగుతూ ఉండాలి. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగాలి. జూలైలో పగలు 26 డిగ్రీలున్నా తెల్లవారుజామున ఆరేడుకి పడిపోతుంది. స్వెటర్ హ్యాండ్ బ్యాగులోనే ఉంచండి.

ఇక ముఖ్యమైన సంగతి, తిండి.

హైదరాబాద్ నుంచి కెటిల్ తెచ్చుకుంటే పని జరగదు. ప్లగ్ అడాప్టర్ ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజీని కాదు. అక్కడి కరెంటు 120 వోల్టులు. 230 వోల్టుల మీద 1500 వాట్లు ఇచ్చే కెటిల్ అక్కడ 400 వాట్ల దగ్గర ఆగిపోతుంది. లీటరు నీళ్లు కాగడానికి పావుగంట పడుతుంది, అదే అక్కడి కెటిల్ నాలుగైదు నిమిషాల్లో కాస్తుంది. ఇరవై డాలర్లలో కొత్తది కొని, తిరిగొచ్చాక పిల్లల ఇంట్లో వదిలెయ్యండి.

కాగడం వేరు, ఉడకడం వేరు. ఆ ఎత్తులో నీళ్లు 93, 94 డిగ్రీలకే తెర్లుతాయి. అంతకంటే వేడెక్కవు, మంట ఎంత పెంచినా సరే. అందుకే ఉప్మా ప్రీమిక్స్‌లో, పోహా కప్పులో ప్యాకెట్ మీద రాసిన మూడు నిమిషాలు చాలవు. మూత పెట్టి ఆరేడు నిమిషాలు ఉంచాలి, పైన టవల్ కప్పితే ఇంకా మంచిది. నీళ్లు కూడా గుప్పెడు ఎక్కువ పోయాలి. కాండోలో వంట చేసేవాళ్లకి ఇదే లెక్క ఇంకా ముఖ్యం. రైస్ కుక్కర్‌లో గ్లాసుకి రెండు పోసేవాళ్లు రెండుంపావు, రెండున్నర పొయ్యాలి, లేకపోతే పైన పలుకు, అడుగున మాడు. కందిపప్పు విడి గిన్నెలో ఒక పట్టాన మెదగదు. ప్రెషర్ కుక్కర్ కావాల్సిందే. ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) అయితే 2,000 అడుగులు దాటాక ప్రతి వెయ్యికి ఐదు శాతం టైము పెంచాలి, అంటే టాహోలో సుమారు ఇరవై శాతం. ఇంటి దగ్గర పది నిమిషాలు పెట్టే పప్పుకి అక్కడ పన్నెండు.

హోటల్ గదిలో ఇండక్షన్ స్టవ్, తాలింపు మాట మాత్రం మర్చిపొండి. పొగకి అలారం మోగితే సెక్యూరిటీ తలుపు కొడతాడు. వాసన దిగిందని డీప్ క్లీనింగ్ పేరుతో కొన్ని వందల డాలర్లు వేసే హక్కు మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంటుంది. మాకు కుదిరిన పద్ధతి ఇది. పొద్దున కెటిల్ ఉప్మా, ఫిల్టర్ కాఫీ డికాషన్ సీసా. మధ్యాహ్నం చపాతీ, పెరుగు, పొడి. రాత్రి ఒక్కపూట బయట. ఫ్రిజ్ ఇవ్వకపోతే "మందులు చల్లగా ఉంచాలి" అని అడగండి, ఇన్సులిన్ లాంటివి నిజంగా ఉంటే చాలా హోటళ్లు ఫ్రిజ్‌కి డబ్బు తీసుకోవు. లేకపోతే ఐస్ మెషిన్, కూలర్ బ్యాగు. రోజుకి రెండుసార్లు ఐస్ మారిస్తే పెరుగు పులవదు.

కారులో మాత్రం ఏ తిండీ వదలొద్దు. ఎలుగుబంట్లు అక్కడ బోర్డు మీది బొమ్మలు కావు, కారు తలుపు హ్యాండిల్ లాగి తెరవడం వాటికి వచ్చు. లోపలికెళ్లాక తలుపు మూసుకుపోతే సీట్లు, డాష్‌బోర్డు చీల్చేస్తాయి. బెల్లం, అరటిపళ్లు, చివరికి వాసనొచ్చే క్రీములు కూడా రాత్రికి గదిలోకి తెచ్చేసుకోవాలి.

పిల్లల సంగతి. నెవాడాలో 1931 నుంచి జూదం చట్టబద్ధం. కానీ 21 లోపువాళ్లు ఆడకూడదు, ఆటల దగ్గర నిలబడకూడదు. పెద్దవాళ్లతో కలిసి దాటి వెళ్లొచ్చు. తేడా అంతా నడవడంలోనే ఉంది. కార్పెట్ మీద దారి వేరే రంగులోనో, రాయితోనో కనబడుతుంది, దాని మీద కదులుతూ ఉంటే ఎవరూ ఏమనరు. ఏడేళ్ల పిల్లాడు బంగారు నాణేలు కురుస్తున్న తెర ముందు ఆగి నోరు తెరిచాడంటే పది సెకన్లలో యూనిఫాం మనిషి వచ్చి మర్యాదగానే కదలమంటాడు. పిల్లాణ్ణి పక్కన నిలబెట్టుకుని తండ్రి "ఒక్క బటన్" నొక్కడమూ కుదరదు. బెల్ డెస్క్ వాళ్లని ఒక మాట అడగండి: పార్కింగ్ నుంచి గదులకి ఆటల అంతస్తు తగలకుండా దారుందా అని. చాలా హోటళ్లలో గ్యారేజీ వైపు లిఫ్టో, పక్క తలుపో ఉంటుంది. బోర్డు మాత్రం ఉండదు, ఎందుకో మీకిప్పటికే తెలుసు. హారాస్ నుంచి హైవే కిందుగా ఎదుటి సీజర్స్ రిపబ్లిక్ (ఇదివరకటి హార్వీస్) భవనానికి సొరంగ దారి ఉంది, స్ట్రోలర్‌తో రోడ్డు దాటే పని తప్పుతుంది. టేబుళ్ల వైపు ఫొటోలు, వీడియో కాల్స్ వద్దు. హైదరాబాద్‌లో ఉన్న అక్కకి లైవ్‌లో చూపిద్దామని ఫోన్ ఎత్తితే వెంటనే ఆపిస్తారు.

తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టానికి 2017లో సవరణ తెచ్చి ఆన్‌లైన్ రమ్మీని కూడా బంద్ చేశారు. అందువల్ల మనవాళ్లలో ఎవరో ఒకరికి "ఇంత దూరం వచ్చాం, ఒక్కసారి చూద్దాం" అనిపించడం సహజం. ఆపడం కంటే లెక్క చెప్పడం మేలు. పెన్నీ స్లాట్ అంటే పైసా ఆట కాదు, ఒక్క నొక్కుకి కనీసం యాభై, అరవై సెంట్లు పోతాయి, నిమిషానికి పది నొక్కులు తేలిగ్గా పడతాయి. రూలెట్‌లో ఒక్క సున్నా ఉన్న చక్రం మీద కాసినో వాటా 2.7 శాతం, రెండు సున్నాలుంటే 5.26 శాతం, కూర్చునే ముందు చక్రం చూడాలి. బ్లాక్‌జాక్ అనే పేకాటలో, బ్లాక్‌జాక్ పడితే ఇచ్చేది 3కి 2 అని ఉందో 6కి 5 అని ఉందో టేబుల్ గుడ్డ మీద చదవాలి. రెండోదానిలో కాసినో వాటా ఇంకో 1.4 శాతం దాకా పెరుగుతుంది. శనివారం రాత్రి కనీస పందెం పదిహేను, ఇరవై డాలర్లుండే టేబుల్ మీద మన మామయ్య వంద డాలర్లు ఎంతసేపు నిలుస్తాయో లెక్కేసుకోండి. ఇండియా కార్డులు కాసినో లావాదేవీలకి చాలావరకు పనిచెయ్యవు, క్రెడిట్ కార్డు మీద అక్కడి మెషిన్లో నగదు తీస్తే మొదటి నిమిషం నుంచే వడ్డీ. చేతిలో ఉన్న నోట్లతోనే ఆట, అవి అయిపోతే గదికి. స్లాట్‌లో పెద్ద జాక్‌పాట్ కొడితే విదేశీయుడికి 30 శాతం పన్ను అక్కడే పట్టుకుంటారు, ఇండియాతో ఉన్న పన్ను ఒప్పందం దాన్ని తప్పించదు. బ్లాక్‌జాక్, రూలెట్ గెలుపులకి ఆ కోత లేదు. ఆడినా ఆడకపోయినా ప్లేయర్స్ కార్డు (కాసినో సభ్యత్వ కార్డు) మాత్రం తీసుకోండి. ఉచితం, పాస్‌పోర్టు చాలు, తర్వాతి బసకి గది రేటు తగ్గించి పంపిస్తుంటారు.

నీళ్ల విషయానికొస్తే, సరస్సు లోతు 501 మీటర్లు, చలికాలంలోనూ గడ్డకట్టదు, వేసవిలోనూ వెచ్చబడదు. జూలై చివర, ఆగస్టులో ఒడ్డున 18 నుంచి 20 డిగ్రీలుంటుంది. జూన్‌లో పిల్లలు పరిగెత్తుకెళ్లి మోకాళ్ల దాకా దిగి అరుచుకుంటూ వచ్చేస్తారు. స్టేట్‌లైన్‌కి దగ్గర్లో నెవాడా బీచ్ ఉంది, ఇసుక బాగుంటుంది. శాండ్ హార్బర్ బీచ్ అందరూ చెప్పే చోటే, కానీ వేసవిలో రిజర్వేషన్ సంగతి ముందే చూసుకోకుండా పొద్దున్న వెళ్తే గేటు నుంచే తిప్పి పంపుతారు. ఎమరాల్డ్ బే దగ్గర వ్యూ పాయింట్ అందరికీ బాగుంటుంది, కింద 1929 నాటి వైకింగ్స్‌హోమ్ భవంతికి మాత్రం మైలు దూరం దిగాలి. దిగేటప్పుడు ఎవరికీ నొప్పి తెలియదు, ఎక్కేటప్పుడే మోకాళ్ల సంగతి బయటపడుతుంది. అమ్మమ్మ, తాతయ్యలకి జెఫర్ కోవ్ నుంచి వెళ్లే పెద్ద పడవ షికారు మేలు, అదే ఎమరాల్డ్ బేని కూర్చున్నచోటి నుంచే చూపిస్తుంది. హెవెన్లీ గొండోలా (కొండ మీదికి వెళ్లే కేబుల్ కారు) 9,123 అడుగుల దగ్గర ఆగుతుంది, అది మొదటి రోజున వద్దు. ఊళ్లో తిరగడానికి లేక్ లింక్ అనే ఉచిత వ్యాన్ యాప్‌లో పిలిస్తే వస్తుంది. పార్కింగ్‌కి డబ్బు కట్టిన కారుని తియ్యకుండా దానిలోనే తిరగొచ్చు.

బయల్దేరే రోజు పదకొండుకల్లా ఖాళీ చెయ్యాలి. టీవీ మీద చెక్ అవుట్ నొక్కి వెళ్లిపోకుండా డెస్క్ దగ్గర బిల్లు ప్రింట్ తీయించుకోండి. మూడు చోట్ల తేడాలొస్తాయి: పార్కింగ్ రెండుసార్లు పడటం, తీసి చూసి పెట్టేసిన మినీబార్ వస్తువుకి సెన్సర్ లెక్క కట్టడం, రిసార్ట్ ఫీ రెండు గదులకీ వేరువేరుగా వెయ్యడం. మొదటి రెండూ అక్కడికక్కడే తీసేస్తారు. మూడోది తియ్యరు, గదికొకటి అన్నది వాళ్ల రూలే. డిపాజిట్ వెనక్కి వచ్చిందా లేదా అన్నది వారం తర్వాత కార్డు స్టేట్‌మెంట్‌లో చూడండి. రాకపోతే ఆ ప్రింట్ మీదున్న ఫోలియో (బిల్లు) నంబరుతో ఫోన్ చెయ్యాలి, అది లేకుండా చేస్తే ఒక డిపార్ట్‌మెంట్ నుంచి ఇంకోదానికి తిప్పుతూనే ఉంటారు.